మండలం గెలిచినవాళ్ళకే చోటా, రన్నరప్‌లకి కూడానా? యూరోపియన్ కప్పు చరిత్ర చూసి చెప్పండి

గంటస్తంభం_విజయనగరం

సంక్రాంతికి మేం పెట్టే ఫుట్‌బాల్ టోర్నీ మీద కమిటీలో గొడవ ముదిరింది. ఇన్నేళ్ళూ మండలంలో గెలిచిన జట్టుకే ప్రవేశం, ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. ఈసారి రన్నరప్‌లని కూడా పిలిచి, ముందు గ్రూపులు ఆడించి, తర్వాత నాకౌట్ పెడదామని కొందరు పట్టుబడుతున్నారు. "మండలంలోనే గెలవలేనోడు జిల్లా ఛాంపియన్ ఎలా అవుతాడు?" అని మిగతావాళ్ళు.

మాటల్లో యూరప్ సంగతి వచ్చింది. 1955లో యూరోపియన్ కప్పు మొదలైనప్పుడు అదీ ఇంచుమించు మన పద్ధతే. 1991లో గ్రూపులు వచ్చాయి. 1992లో పేరు ఛాంపియన్స్ లీగ్ అయింది. 1997 నుంచి పెద్ద దేశాల రన్నరప్‌లని, ఆ తర్వాత మూడు, నాలుగు స్థానాల వాళ్ళని కూడా రానిచ్చారు. ఇన్నేళ్ళ విజేతల జాబితా చూస్తే ఏ పద్ధతిలో అసలైన ఛాంపియన్ తేలినట్టు? ఉదాహరణలతో రాయండి. ఆదివారం మీటింగులో చదివి వినిపిస్తాను.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

పాత పద్ధతే. రెండో మాట లేదు.

1967లో లిస్బన్‌లో ఇంటర్ మిలాన్‌ని 2-1తో ఓడించిన సెల్టిక్ జట్టుని చూడండి. ఆ రోజు ఆడిన పదకొండు మందీ వాళ్ళ మైదానానికి యాభై కిలోమీటర్ల లోపు పుట్టినవాళ్ళే. అంటే నరసన్నపేట, ఆమదాలవలస, రాజాం కుర్రాళ్ళతో శ్రీకాకుళం జట్టు యూరప్‌ని గెలిచినట్టు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 1977లో రెండో డివిజన్ నుంచి పైకొచ్చింది, 1978లో ఇంగ్లండ్ లీగు గెలిచింది, 1979, 1980ల్లో వరసగా రెండు యూరోపియన్ కప్పులు ఎత్తింది. 1986లో రుమేనియా నుంచి వచ్చిన స్టావా బుకారెస్ట్, స్పెయిన్ గడ్డ మీదే, సెవియ్యాలో బార్సిలోనాని ఓడించింది. షూటౌట్‌లో ఆ జట్టు గోల్‌కీపర్ డుకాడమ్ బార్సిలోనా కొట్టిన నాలుగు పెనాల్టీలనీ ఆపేశాడు. 1991లో బెల్‌గ్రేడ్ రెడ్ స్టార్ గెలిచింది.

ఇప్పుడో? 2004లో పోర్చుగల్ జట్టు పోర్తో గెలిచాక, 2025 దాకా ఇంగ్లండ్, స్పెయిన్, ఇటలీ, జర్మనీ, ఫ్రాన్స్ దాటి కప్పు బయటికి వెళ్ళలేదు. ఈ కాలంలో ఫ్రాన్స్‌కి కూడా పారిస్ క్లబ్బు పీఎస్‌జీ పుణ్యాన 2025లోనే దక్కింది. తలుపులు తెరిచామన్నారు. తెరిచింది పెద్ద ఇళ్ళవాళ్ళకే.

బొబ్బిలి_మాడ్రిడ్

అన్నా, ఆ పాత రోజుల్ని మరీ అంత ఎత్తకండి. 1955లో ఆడినవి 16 క్లబ్బులు. రియల్ మాడ్రిడ్ మొదటి కప్పుకి ఆడినవి మొత్తం ఏడు మ్యాచ్‌లు. నేను రియల్ అభిమానిని అయినా చెబుతున్నా. పైగా "ఛాంపియన్లకే ప్రవేశం" అన్న మాట మొదటి ఏడాది నిజం కాదు. అప్పుడు ఫ్రాన్స్ పత్రిక లెకిప్ తనకి నచ్చిన క్లబ్బుల్ని పిలిచింది. స్కాట్లండ్ ఛాంపియన్ అబర్డీన్ అయితే వచ్చింది హైబర్నియన్. ఇంగ్లండ్ ఛాంపియన్ చెల్సీ వాళ్ళ లీగు పెద్దలు వద్దన్నారని తప్పుకుంది.

ఇప్పుడు గెలవాలంటే ఎంతమందిని దాటాలో చూడండి. 2022లో రియల్ నాకౌట్‌లో పీఎస్‌జీని, అప్పటి కప్పు విజేత చెల్సీని, ఇంగ్లండ్ ఛాంపియన్ మాంచెస్టర్ సిటీని, ఫైనల్లో లివర్‌పూల్‌ని ఓడించింది. పాత పద్ధతిలో ఒకే ఏడాది మూడు ఇంగ్లండ్ క్లబ్బులు ఎదురయ్యేవే కావు. సిటీతో సెమీస్‌లో టైమ్ అయిపోవస్తుండగా రోడ్రీగో వెంటవెంటనే రెండు గోల్స్ కొట్టిన రాత్రి మా వీధిలో నిద్రపోయినవాడు లేడు. అసలైన ఛాంపియన్ అంటే అదీ. 15 కప్పులు ఊరికే రాలేదు.

రాజాం_రైట్‌బ్యాక్

నాకౌట్ అంటే నిజమైన పరీక్ష అనేవాళ్ళు 1988 సంగతి చెప్పండి. ఆ ఏడాది ఛాంపియన్ నెదర్లాండ్స్ జట్టు పీఎస్‌వీ ఐండ్‌హోవెన్. అప్పట్లో ఫైనల్ తప్ప ఒక్కో రౌండ్‌కి రెండేసి మ్యాచ్‌లు. క్వార్టర్స్‌లో బోర్దోతో 1-1, 0-0. సెమీస్‌లో రియల్ మాడ్రిడ్‌తో 1-1, 0-0. ఫైనల్లో బెన్‌ఫికాతో 0-0, షూటౌట్‌లో 6-5. చివరి ఐదు మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవకుండా యూరప్ ఛాంపియన్ అయింది! పరాయి మైదానంలో కొట్టిన గోలుకి విలువ ఎక్కువ అన్న నిబంధనతో రెండు రౌండ్లు దాటేసింది.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

తమ్ముడూ, ఆ పీఎస్‌వీ ఆపిన రియల్ మాడ్రిడ్ ఎలాంటిదో కూడా రాయాలి కదా. ఆ ఏడాది మారడోనా ఉన్న నాపోలీని, అప్పటి కప్పు విజేత పోర్తోని, బయర్న్ మ్యూనిక్‌ని వరసగా ఇంటికి పంపిన జట్టది. దాన్ని రెండు మ్యాచ్‌ల్లో గెలవనివ్వకపోవడం చిన్న విషయమా?

ఇంకో మాట. 2025లో పీఎస్‌జీ ఫైనల్లో ఇంటర్‌ని 5-0తో ఓడించింది, నిజమే. కానీ ఆ సీజన్‌లో అది 17 మ్యాచ్‌లు ఆడి ఐదు ఓడింది. ఆర్సెనల్, అట్లెటికో, బయర్న్‌ల చేతిలో, గ్రూపుల బదులు వచ్చిన లీగ్ దశలో, లివర్‌పూల్, ఆస్టన్ విల్లా చేతిలో నాకౌట్‌లో ఒక్కోటి. లీగ్ దశలో పదిహేనో స్థానం. ఐదుసార్లు ఓడినా లేచి నిలబడే అవకాశం ఆనాటి చిన్న క్లబ్బుకి ఉండేదా?

డ్రిల్లు_మాస్టారు (విజయనగరం)

స్కూల్లో పిల్లల చేత ఈ ఆట ఆడించి రిటైరైనవాణ్ణి. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు బొబ్బిలి బాబు చెప్పిన 15 కప్పుల లెక్క. అందులో ఆరు పాతవి: 1956 నుంచి 1960 దాకా వరసగా ఐదు, 1966లో ఒకటి. ఆ ఐదో ఫైనల్ గ్లాస్గోలో ఐన్‌ట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ మీద 7-3. పుష్కాష్ నాలుగు, డి స్టెఫానో మూడు కొట్టారు. అలాంటి జట్టుని "అప్పట్లో పోటీ లేదు" అని తీసిపారేయడానికి నా మనసు ఒప్పుకోదు. ఆ తర్వాత 1998 దాకా 32 ఏళ్ళు కప్పు లేదు. ఆ మధ్యలో రియల్ బలహీనపడిందా? 1986 నుంచి 1990 దాకా వరసగా ఐదుసార్లు స్పెయిన్ లీగు గెలిచింది. యూరప్‌లో మాత్రం 1987, 1988, 1989 మూడేళ్ళూ సెమీస్‌లోనే ఆగిపోయింది. పాత కప్పు అంత కఠినంగా ఉండేది.

1998 నుంచి వచ్చినవి తొమ్మిది. వీటికి పాత నిబంధన పెట్టి చూడండి: దేశ విజేత అయినా అయి ఉండాలి, కిందటేడు కప్పు గెలిచైనా ఉండాలి. 1998, 2002, 2018 కప్పులకి స్పెయిన్ ఛాంపియన్‌గా వచ్చింది. 2017కి కప్పు విజేతగా వచ్చేది. మిగిలిన 2000, 2014, 2016, 2022, 2024 ఐదింటికీ అంతకు ముందు సీజన్‌లో రియల్ స్పెయిన్‌లో రెండో స్థానం. పాత రోజుల్లో అయితే ఆ ఐదేళ్ళూ గుమ్మం దగ్గరే ఆపేసేవారు. మాంచెస్టర్ యునైటెడ్ 1999 కప్పూ అంతే, రన్నరప్‌గా వచ్చి గెలిచిందే. లివర్‌పూల్ 2005లోనూ 2019లోనూ గెలిచింది, ఆ రెండుసార్లూ అంతకు ముందు ఏడాది ఇంగ్లండ్‌లో నాలుగో స్థానం. ఈ కప్పులు దొంగ కప్పులని అనడం లేదు. మైదానంలో కష్టపడే గెలిచారు. కానీ 1956 కప్పూ 2024 కప్పూ ఒకే జాబితాలో కూడి పదిహేను అనేటప్పుడు, రెండు వేరు వేరు పోటీలని కూడుతున్నామని తెలిసి కూడాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరంతా రెండు ప్రశ్నల్ని ఒకటిగా కలిపేశారు. ఎవరిని రానివ్వాలి అన్నది ఒకటి. వచ్చినవాళ్ళని ఎలా ఆడించాలి అన్నది మరొకటి. యూరప్‌లో ఈ రెండూ ఒకేసారి మారలేదు. 1991-92లో గ్రూపులు వచ్చాయి, ప్రవేశం మాత్రం 1996-97 దాకా ఛాంపియన్లకే ఉంది. ఆ ఆరేళ్ళ విజేతలు: బార్సిలోనా, మార్సే, మిలాన్, అయాక్స్, యువెంటస్, డార్ట్‌మండ్. ఆరు సీజన్లు, ఆరు వేరు వేరు క్లబ్బులు, ఐదు దేశాలు. ఆరుగురూ తమ దేశంలో గెలిచి వచ్చినవాళ్ళే. పెద్ద క్లబ్బులు మొదటి రౌండ్‌లోనే పోతే టీవీ ఆదాయం పోతుందని మిలాన్ యజమాని బెర్లుస్కోనీ లాంటివాళ్ళు ఒత్తిడి తెచ్చారు కాబట్టే గ్రూపులు వచ్చాయి, ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ ఆరేళ్ళూ ఆట చెడిపోలేదు.

చిన్న మచ్చ ఒకటుంది, దాచను. 1994 నుంచి 1997 దాకా చిన్న దేశాల ఛాంపియన్లని ఈ కప్పులోకి రానివ్వకుండా పక్క టోర్నీకి పంపేశారు. మన కమిటీ మాత్రం ఆ పని చేయకూడదు. మారుమూల మండలం అయినా గెలిస్తే రావాలి.

కాబట్టి నా మాట: ప్రవేశం విజేతలకే, ఆట మాత్రం గ్రూపులతో మొదలు. సాలూరు రోడ్డు మీద బస్సు పట్టుకుని తెల్లవారుజామున బయల్దేరి వచ్చిన పిల్లలు ఒక్క మ్యాచ్ ఓడి మధ్యాహ్నానికల్లా వెనక్కి పోవడం చూసి చూసి విసిగిపోయాను.

సువర్ణముఖి

మాస్టారూ, ఆ ఆరేళ్ళ లెక్క బాగుంది. కానీ ఆ తర్వాత చిన్న దేశాలు వెనకబడింది రన్నరప్‌లని రానివ్వడం వల్లేనని నేను ఒప్పుకోను. అసలు దెబ్బ అంతకు ముందే పడింది. 1995 డిసెంబరులో బోస్‌మన్ కేసులో తీర్పు వచ్చింది. కాంట్రాక్టు అయిపోయిన ఆటగాడు డబ్బు చెల్లింపు లేకుండా వేరే క్లబ్బుకి పోవచ్చు, యూరోపియన్ యూనియన్ దేశాల ఆటగాళ్ళ సంఖ్యకి హద్దు ఉండకూడదు అన్నారు. 1995లో కప్పు గెలిచిన అయాక్స్‌ని చూడండి. చాలామంది సొంత అకాడమీ పిల్లలే. ఫైనల్లో మిలాన్ మీద గోలు కొట్టిన క్లైవర్ట్‌కి అప్పుడు 18 ఏళ్ళు. 1996లోనూ ఫైనల్‌కి వచ్చారు, షూటౌట్‌లో యువెంటస్ చేతిలో ఓడారు. అంతే, డేవిడ్స్, రైజిగర్ పైసా రాకుండా మిలాన్‌కి వెళ్ళిపోయారు. మరుసటేడు క్లైవర్ట్ కూడా అక్కడికే. జట్టు విడిపోయింది రన్నరప్‌ల నిబంధన రాకముందే.

తీర్పుకి ముందు హద్దు ఎంత గట్టిగా ఉండేదంటే, 1994లో బార్సిలోనాతో మ్యాచ్‌కి మాంచెస్టర్ యునైటెడ్ డెన్మార్క్ వాడైన తన గోల్‌కీపర్ ష్మైకెల్‌నే పక్కన పెట్టాల్సి వచ్చింది. 4-0తో ఓడింది.

ఇది మన టోర్నీకి ఎందుకంటే, మీరంతా రన్నరప్‌ల గురించి కొట్టుకుంటున్నారు గానీ, అసలు రోగం అది కాదు. పోయినసారి కొన్ని జట్లలో సొంత మండలం కుర్రాళ్ళు ఎంతమంది ఆడారు? విశాఖ నుంచి రోజుకింత అని మాట్లాడుకుని తెచ్చినవాళ్ళే సగం. నేను కోచింగ్ ఇచ్చే పిల్లలు ఏడాదంతా పొద్దున్నే లేచి ప్రాక్టీస్ చేసి, టోర్నీ రోజు బెంచీ మీద కూర్చున్నారు. వాళ్ళకి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ప్రవేశం ఎవరికి ఇచ్చినా, బయట ఆటగాళ్ళకి హద్దు పెట్టకపోతే డబ్బున్న మండలమే గెలుస్తుంది.

బొబ్బిలి_మాడ్రిడ్

అక్కా, బయట ఆటగాళ్ళు వద్దంటే డి స్టెఫానో అర్జెంటీనా వాడు, పుష్కాష్ హంగరీ వాడు. ఆ ఐదు కప్పుల జట్టే ఉండేది కాదు. మంచి ఆటగాణ్ణి దగ్గర్నుంచి చూస్తేనే మా ఊరి పిల్లలకి ఆట తెలుస్తుంది.

గ్రూపుల విషయంలో మాస్టారితో నేనూ ఏకీభవిస్తాను. 2021లో మాల్డోవా ఛాంపియన్ షెరిఫ్ మా రియల్‌ని మాడ్రిడ్‌లోనే 2-1తో ఓడించింది. ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది. కానీ నేరుగా నాకౌట్, రెండు మ్యాచ్‌ల కలిపి లెక్క అయి ఉంటే ఆ గెలుపు మిగిలేది కాదు, ఎందుకంటే తర్వాత వాళ్ళ ఊళ్ళో మేం 3-0తో గెలిచాం. గ్రూపు కాబట్టి ఆ మూడు పాయింట్లు వాళ్ళ పేరు మీద అలాగే ఉండిపోయాయి.

సువర్ణముఖి

పూర్తిగా వద్దనలేదు బాబూ. జట్టుకి ఇద్దరు. నువ్వు చెప్పిన పేర్లూ రెండే కదా.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

ఇద్దరు అంటే నాకూ సమ్మతమే. గ్రూపులు మాత్రం నాకు నచ్చవు. గ్రూపులో ఆఖరి మ్యాచ్‌కి వచ్చేసరికి "డ్రా చేసుకుంటే ఇద్దరం పైకెళ్తాం" అనుకునే జట్లని ఆపేది ఎవరు? నాకౌట్‌లో ఆ బేరాలు కుదరవు. మాస్టారు చెప్పిన పిల్లల బాధ నిజం. దానికి ఓడినవాళ్ళకి వేరే చిన్న పోటీ పెట్టండి, అసలు కప్పుని కదపొద్దు.

డ్రిల్లు_మాస్టారు (విజయనగరం)

ఆఖరి మ్యాచ్‌లు రెండూ ఒకే సమయానికి మొదలుపెట్టాలి. ఒక్కో గ్రూపు నుంచి ఒక్కరే పైకెళ్ళాలి. అప్పుడు డ్రాతో ఇద్దరికీ లాభం ఉండదు.

గంటస్తంభం_విజయనగరం

మీటింగు అయింది. అందరి మాటలూ చదివాను. రన్నరప్‌లు వద్దని తేలింది. నాలుగేసి జట్ల గ్రూపులు, ఒక్కో గ్రూపు నుంచి ఒక్కరే పైకి, ఆఖరి మ్యాచ్‌లు ఒకే సమయానికి. రెండు మైదానాలు కావాలి, ఆ ఏర్పాటు చూస్తున్నాం. బయట ఆటగాళ్ళు జట్టుకి ఇద్దరే, ఆధార్ చూసి రాసుకుంటాం. దీని మీదే ఎక్కువ అరుపులు వినిపించాయి, కానీ చేతులెత్తమంటే నెగ్గింది.

రాజాం_రైట్‌బ్యాక్

ఒకటి మిగిలిపోయింది. పోయినసారి టోర్నీ గెలిచింది మేమే. ఈసారి మా మండలంలో వేరే జట్టు గెలిచింది. మాకు చోటుందా, లేదా?

డ్రిల్లు_మాస్టారు (విజయనగరం)

ఉండాలి. పాత యూరోపియన్ కప్పులో కిందటేటి విజేతకి చోటుండేది. 1978-79లో లివర్‌పూల్ కప్పు విజేతగా, ఫారెస్ట్ ఇంగ్లండ్ ఛాంపియన్‌గా వచ్చారు, చీటీలు తీస్తే మొదటి రౌండ్‌లోనే ఎదురుపడ్డారు. ఫారెస్ట్ 2-0, 0-0తో లివర్‌పూల్‌ని పంపించేసి ఆ సీజన్ కప్పు గెలిచింది. మీరు రండి. మీ మండలం జట్టు మీ గ్రూపులోనే పడితే మాత్రం మార్చమని అడగొద్దు.