లేబర్ కోర్టులో లాయర్ హాజరుపై 36(4) అభ్యంతరం దాటడానికి యూనియన్ పదవి తీసుకుంటే, గౌరవ వేతనంతో సనదుకు (లాయర్ లైసెన్సుకు) ఇబ్బందా?

సివిల్ కోర్టుల్లో నాలుగేళ్ల ప్రాక్టీసు. ఇప్పుడు లేబర్ కేసుల వైపు మారుతున్నాను. పారిశ్రామిక వివాదాల చట్టం 1947 కింద, 2024లో వేసిన 2ఎ(2) పిటిషన్‌లో (ఉద్యోగం నుంచి తీసేసిన కార్మికుడు నేరుగా లేబర్ కోర్టులో వేసేది) కార్మికుడి తరఫున వకాలత్ వేశాను. మొదటి వాయిదాలోనే యాజమాన్యం, సెక్షన్ 36(4) కింద లాయర్ హాజరుకు సమ్మతి ఇవ్వబోమని మెమో వేసింది. తమాషా ఏమిటంటే, వాళ్ల తరఫున వచ్చిన హెచ్‌ఆర్ మేనేజర్ కూడా లా చదివినవాడే.

మౌనం వహిస్తే సమ్మతి ఇచ్చినట్టే అన్న వాదన నిలబడలేదు, అభ్యంతరం మొదటి రోజే వచ్చింది కాబట్టి. లాయర్లకు ప్రాక్టీసు హక్కు ఇచ్చే అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 30 చూపించాను. సుప్రీంకోర్టు పారాదీప్ పోర్ట్ ట్రస్ట్ తీర్పు (1976) చదివి వినిపించారు: అవతలి పక్షం సమ్మతి, కోర్టు అనుమతి రెండూ ఉండాల్సిందే.

అదే తీర్పులో దారీ ఉంది. రిజిస్టర్డ్ యూనియన్ ఆఫీస్ బేరర్ హోదాలో వస్తే, యూనియన్ వాళ్లు కార్మికుడి తరఫున హాజరుకావచ్చనే 36(1) వర్తిస్తుంది, లాయరైనా సరే, 36(4) అడ్డురాదు. కార్మికుడు సభ్యుడిగా ఉన్న యూనియన్ నన్ను లీగల్ సెక్రటరీగా ఎన్నుకోవడానికి సిద్ధమే. ఆ సంస్థలో పనిచేయని బయటివాళ్లకు యూనియన్ పదవుల్లో ఉండే కోటాలో ఖాళీ కూడా ఉంది. వాళ్లు నెలకు రూ. 6,000 గౌరవ వేతనం, వారానికి రెండు సాయంత్రాలు ఆఫీసులో కూర్చోవాలని తీర్మానం రాశారు. ఒక సీనియర్ పర్వాలేదంటున్నారు, ఇంకొకరు పని వేళలు రాసిన ఆ వాక్యం చూసి వద్దన్నారు.

ఇలా యూనియన్ పదవిలో ఉంటూ ప్రాక్టీసు చేసినవాళ్లు చెప్పండి: ఈ మొత్తం తీసుకుంటే, ప్రాక్టీసు చేసే లాయర్ పూర్తికాలపు జీతగాడిగా ఉండకూడదనే బార్ కౌన్సిల్ రూల్ 49 కింద నాపై అభ్యంతరం నిలబడుతుందా?