1941 జూన్ 14న లాత్వియా నుంచి తరలించిన వ్యక్తి వివరాలు ఎలా కనుక్కోవాలి?

రీగాలో నేను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలి తరఫున ఈ సహాయం కోరుతున్నాను. సోవియట్ ఆక్రమణ మొదలై ఏడాది తిరగకముందే, 1941 జూన్ 14 రాత్రి లాత్వియాలో 15,000 మందికి పైగా ప్రజలను ఇళ్ల నుంచి లేపి రైలు పెట్టెల్లోకి ఎక్కించినప్పుడు, అందులో ఆమె తాతగారి కుటుంబమూ ఉంది. అప్పట్లో కుటుంబ పెద్దలైన మగవారిని విడదీసి వ్యాత్‌లాగ్, ఉసోల్‌లాగ్ వంటి సోవియట్ నిర్బంధ కార్మిక శిబిరాలకు, స్త్రీలను, పిల్లలను సైబీరియాలోని క్రాస్నోయార్స్క్ తదితర ప్రాంతాలకు పంపేవారు. అమ్మమ్మ తిరిగి వచ్చారు, తాతగారు రాలేదు. బాధితుల్లో లాత్వియన్లే కాక యూదులు, రష్యన్లు కూడా ఉన్నారని చాలామందికి తెలియదు కాబట్టి ఈ మాట చెబుతున్నాను.

లాత్వియా ప్రభుత్వ ఆర్కైవ్ ప్రచురించిన జాబితాలో ఆయన పేరు, పుట్టిన సంవత్సరం దొరికాయి. ఆమెకు కావలసింది అంతకు మించినది: ఏ శిబిరంలో, ఎప్పుడు మరణించారు, ఎక్కడ ఖననం చేశారు అన్నది.

అసలు విచారణ ఫైలును చూడడానికి మనుమరాలు బంధుత్వానికి రుజువుగా ఏ పత్రాలు సమర్పించాలి? శిబిరపు మరణ రికార్డులు రష్యాలో ఉన్నట్లయితే, ఇప్పటి పరిస్థితుల్లో అక్కడికి వెళ్లకుండా నకలు పొందడం సాధ్యమేనా? ఇటువంటి అన్వేషణ చేసినవారు, లేదా సోవియట్ చరిత్రపై పరిశోధించేవారు ఎవరైనా దయచేసి తెలియజేయగలరు. జూన్ 14న రీగాలోని టోర్నకల్న్స్ రైల్వే స్టేషన్ దగ్గర జరిగే స్మారక కార్యక్రమానికి ఆమెతో పాటు నేనూ వెళ్తున్నాను. అక్కడ పరదేశీయులు పాటించవలసిన మర్యాదలేమైనా ఉంటే అవి కూడా చెప్పగలరు.