వీడియో కాల్‌లో డాక్టరుకు చూపించే ముందు మనం ఏం చూడాలి?

ప్రశ్న (పలమనేరు వైపు, విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ, అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్)

అందరికీ నమస్కారం. నేను బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి పలమనేరుకు దగ్గరలోని ఒక పల్లెలో పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవారిలో బీపీ, షుగరు ఉన్న పెద్దవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత జ్వరాలు, దద్దుర్లు, మోకాళ్ల నొప్పులు. డాక్టరు అవసరమనిపించిన వారిని సర్కారు వీడియో వైద్య సేవ అయిన ఈ-సంజీవనిలో చూపిస్తాను. టమాటా కోతల రోజుల్లో కూలి వదులుకొని చిత్తూరుకో వేలూరుకో పోలేని వారికి ఆ రోజే మందు చేతికి అందుతోంది కాబట్టి, ఈ పద్ధతి వల్ల మేలు జరుగుతోందనడంలో నాకు అనుమానం లేదు.

నా సందేహం వేరు. కాల్ కలిశాక డాక్టరుగారు మాట్లాడేది కొద్ది నిమిషాలు మాత్రమే. ఆ కాసేపట్లో ఆయన తీసుకునే నిర్ణయమంతా నేను చెప్పే అంకెల మీద, నేను చెప్పే నాలుగు మాటల మీద ఆధారపడి ఉంటోంది. దానికి తోడు కాల్స్ సంఖ్య ఎందుకు తగ్గిందని పైనుంచి అడుగుతూ ఉంటారు. ఏది వీడియోలో తేల్చవచ్చు, దేనికి కాల్ కలిసేదాకా కూడా ఆగకూడదు, కాల్‌కు ముందు మన చేతుల మీదుగా జరగవలసిన పని ఏమిటి? అనుభవం ఉన్న అక్కలు, అన్నలు దాచుకోకుండా చెప్పాలని కోరుతున్నాను.

జవాబు 1 (తిరుపతి, క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్)

చెల్లెమ్మా, ఆగకూడని వాటితోనే మొదలుపెడతాను. ఛాతీ పట్టేసినట్టు నొప్పి వచ్చి చెమటలు పట్టినా, మూతి ఒక పక్కకు వంకరపోయినా, చెయ్యి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా, గర్భిణికి బీపీ పెరిగి తలనొప్పితో కళ్లు మసకబారినా వీడియో కాల్ ప్రయత్నించనే వద్దు, వెంటనే 108కి ఫోన్ చెయ్యి. పక్షవాతంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. మీ ఊరి నుంచి స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి చేరే ప్రయాణం, అక్కడ స్కాన్ తీసే సమయం కూడా ఆ గంటల్లోనే ఇమడాలి. 2020 మార్చి 25న కేంద్రం విడుదల చేసిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు సైతం అత్యవసరమైతే ప్రథమ చికిత్సకు సలహా ఇచ్చి, రోగిని నేరుగా ఆసుపత్రికి పంపించమనే చెబుతున్నాయి.

మన ప్రాంతంలో పనిచేసేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. కట్లపాము కాటుకు నొప్పి, వాపు ఉండకపోవచ్చు, గాటు కూడా కంటికి కనిపించకపోవచ్చు. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి వస్తే అందరూ గ్యాసు అనుకుంటారు, తెర మీద చూసే డాక్టరుకు కూడా అలాగే అనిపించే అవకాశం ఉంది. అటువంటప్పుడు ఆ మనిషి రెప్పలు వాలుతున్నాయా, గుటక పడుతోందా, మాట మారిందా అన్నది ఎదురుగా ఉన్న నువ్వు చూడాలి. అనుమానం కలిగితే గాటు కోసం వెతుకుతూ కూర్చోకుండా, విషానికి విరుగుడు మందు, వెంటిలేటర్ రెండూ ఉన్న చోటికి పంపించు.

ఇక అంకెల సంగతి. ఎండలో నడిచి వచ్చిన మనిషికి వచ్చీ రాగానే పట్టీ కట్టి, వచ్చిన బీపీని తెర మీద చెబితే అవతలి డాక్టరు ఇంకో మాత్ర కలుపుతారు, అందులో ఆయన తప్పేమీ ఉండదు. కుర్చీకి వీపు ఆనించి, పాదాలు నేల మీద ఉంచి, ఐదు నిమిషాలు మాట్లాడనివ్వకుండా కూర్చోబెట్టు. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, పట్టీ చీర మీద గానీ చొక్కా మీద గానీ కట్టకూడదు. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, రెండు అంకెలూ చెప్పు. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది కనుక, పెద్ద సైజు పట్టీ లేకపోతే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి.

జవాబు 2 (చిత్తూరు, ఫోన్ ద్వారా పెద్దవాళ్ల ఆరోగ్యం చూసే నర్సు)

నా పని కొంచెం భిన్నమైనది. పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటారు, తల్లిదండ్రులు ఊళ్లో ఉంటారు, నేను వారంవారం వీడియోలో పెద్దవాళ్లతో మాట్లాడతాను. మన జిల్లాకు ఈ పద్ధతి కొత్త కాదు. 2000వ సంవత్సరంలోనే తవణంపల్లె మండలం అరగొండలోని అపోలో ఆసుపత్రిని ఉపగ్రహం ద్వారా చెన్నైతో కలిపారు. అప్పట్లో అంత ఏర్పాటు కావలసిన పని ఈనాడు జేబులోని ఫోన్‌తో జరిగిపోతోంది కాబట్టే, దానితో ఏం అడగాలో మనకు స్పష్టంగా తెలిసి ఉండాలని నా అభిప్రాయం.

"మందులు సరిగ్గా వేసుకుంటున్నారా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు, అందుకే నేను ఆ ప్రశ్న మానేశాను. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ మంచం మీద పరిచి, ఒక్కో అట్టను కెమెరా దగ్గరికి తెచ్చి చూపించమంటాను. ఒక పెద్దాయన ఇంట్లో వేలూరులో రాసిన అట్ట ఒకటి, ఊరి మందుల షాపులో ఇచ్చినది ఒకటి, సర్కారు క్లినిక్‌లో ఇచ్చినది ఒకటి కనిపించాయి. మూడింటి పేర్లూ, రంగులూ వేరు, మూడింటిలో ఉన్నది మాత్రం అమ్లోడిపిన్ అనే బీపీ మందు ఒక్కటే. ఆయనకు కాళ్ల వాపు ఎందుకు తగ్గడం లేదో ఆ మంచం చూశాక తెలిసింది. అమ్లోడిపిన్ మోతాదు పెరిగేకొద్దీ చీలమండల దగ్గర వాపు రావడం సాధారణమే. ఆ వాపు కోసం నీళ్లమాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) కూడా అప్పటికే మొదలుపెట్టి ఉన్నారు. వెంటనే డాక్టరుగారికి చెప్పి అన్నీ సరిచేయించాం.

ఇంకొకటి శనివారం ఒక్కపొద్దు. తమిళ పెరటాసి నెలలో మన వైపు ఎంతమంది ఉంటారో మీకు తెలియనిది కాదు. గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్ర వేసుకునేవారు పొద్దున మాత్ర మింగి, సాయంత్రం దాకా ఏమీ తినకుండా ఉంటే షుగరు పడిపోతుంది. దేవుడి మీద భక్తితో చేసేదాన్ని మానమని చెబితే వినరు, మానమనడం నాకు ఇష్టం కూడా లేదు. ఆ వారం ముందే డాక్టరుతో మాట్లాడించి, ఆ రోజు మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, అసలు వేసుకోవాలో వద్దో రాయించి పెడతాను. వణుకు, చెమట, తికమక మొదలైతే ఒక్కపొద్దు విడిచి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకొని తాగాలని, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ షుగరు చూసుకోవాలని ఇంట్లో అందరికీ వినబడేలా చెబుతాను.

నిద్రమాత్రల గురించి కూడా ఒక మాట. ఆల్ప్రజోలం రాయించమని చాలామంది బతిమాలతారు. అది మత్తుమందుల చట్టం కిందికి వచ్చే మందు కాబట్టి టెలిమెడిసిన్‌లో రాయడానికి డాక్టరుకు కూడా వీలు లేదు. ఆ సంగతి ముందే చెప్పి, నిద్ర ఎందుకు పట్టడం లేదో అడగడం మేలు. మనసులో దిగులు ఉన్నవారికి 14416 టెలి మానస్ నంబరు రాసి ఇస్తాను.

జవాబు 3 (సత్యవేడు వైపు, ఎంఎల్‌హెచ్‌పీ)

పసిపిల్లల దగ్గు గురించి క్లుప్తంగా చెబుతాను. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పూర్తిగా ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలలోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40, లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది ఉత్త జలుబు కాదు. డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోతున్నా కాల్ మాట పక్కనబెట్టి పంపించండి. నెట్‌వర్క్ సరిగ్గా లేనప్పుడు వీడియో ఆగి ఆగి వస్తుంది కాబట్టి, ఊపిరి లెక్కను అవతలివారికి వదిలిపెట్టకూడదు.

అలాగే కోడలి బాధను అత్త చెబుతూ ఉంటే కాల్ మొదలుపెట్టకండి. తెల్లబట్ట, నెలసరి, కాన్పు తర్వాత దిగులు వంటివి పదిమంది ముందు ఎవరూ చెప్పుకోరు. తలుపు వేసి, ఇయర్‌ఫోన్లు ఇచ్చి, ఆ అమ్మాయి అనుమతి ఆమె నోటితోనే తీసుకున్నాక కాల్ చేయండి. డాక్టరుగారి గొంతు వరండాలో కూర్చున్నవారికి వినిపించే గదిలో జరిగే సంప్రదింపు వల్ల ప్రయోజనం ఉండదు.

జవాబు 4 (కుప్పం వైపు, ఎంఎల్‌హెచ్‌పీ)

అక్కలు చెప్పినవాటికి పాదాల పరీక్షను చేర్చాలి. మా దగ్గర మల్బరీ తోటలో పనిచేసే ఒక అవ్వ షుగరు మాత్రల కోసం వచ్చింది. ఏ బాధా లేదంది. చెప్పులు విప్పించి వేళ్ల సందులు విడదీసి చూస్తే, చిటికెన వేలి పక్కన చర్మం తెల్లగా నాని ఉంది, లోపల ముల్లు విరిగి చీము పట్టి ఉంది. నొప్పి తెలియడం లేదు కాబట్టే ఆమె చెప్పలేదు, చెప్పలేదు కాబట్టే తెర మీద ఎవరూ అడగరు. ఫోటో తీసి డాక్టరుకు చూపించినప్పుడు పుండు లోతు, వాసన, వేడి, పాదం మీద నాడి అందుతోందో లేదో నేనే మాటల్లో చెప్పవలసి వచ్చింది. అది విన్నాకే ఆయన ఆ రోజే సర్జన్ దగ్గరికి పంపించమన్నారు.

కాల్స్ సంఖ్య గురించి అడిగారు కదా. డాక్టరు ముందే రాసిన మందును, బీపీ అదుపులో ఉన్న మనిషికి, నిర్దేశించిన పద్ధతి ప్రకారం మనమే కొనసాగించవచ్చు. అలా ఇచ్చిన ప్రతిసారీ చూసిన అంకెలతో పాటు "కాల్ అవసరం కలగలేదు" అని రిజిస్టరులో కారణం రాస్తున్నాను. సమీక్షలో అడిగినప్పుడు ఆ పేజీలే చూపిస్తాను. అలా మిగిలిన సమయం నిజంగా అవసరమైన వారి కాల్‌కు దక్కుతోంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ మనఃపూర్వకంగా కృతజ్ఞతలు. కుప్పం అక్కా, మా కిట్‌లో పాదాల స్పర్శ చూసే మోనోఫిలమెంట్ లేదు. అది వచ్చేవరకు ఏం చేయవచ్చు?

జవాబు 4

అది లేకపోయినా ఆగనవసరం లేదు. మనిషిని కళ్లు మూసుకోమని, రెండు పాదాల్లోనూ బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొసలను నీ చూపుడు వేలితో ఒకటి రెండు సెకన్లు మెత్తగా తాకు. నొక్కకూడదు, గీరకూడదు. తాకినప్పుడల్లా కుడి, ఎడమ చెప్పమను. ఆరు చోట్లలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గిందని రాసుకో. ఆ మనిషిని కాల్‌లో చూపించేటప్పుడు షుగరు అంకె కంటే ముందు ఆ మాట చెప్పు.