కమలాదాస్ ‘మై గ్రాండ్‌మదర్స్ హౌస్’ కవితలో ఆ చీకటికి అర్థం ఏమిటి?

డిగ్రీ ఇంగ్లిష్ సాహిత్యం పేపరు కోసం ఈ కవితను విశ్లేషిస్తున్నాను. ఇది 1965 నాటి ‘సమ్మర్ ఇన్ కలకత్తా’ సంపుటిలోది. అమ్మమ్మ పోగానే ఇల్లు మూగబోతుంది, పుస్తకాల మధ్య పాములు తిరుగుతాయి. ఆ పుస్తకాలు చదివే వయసు అప్పటికి తనకు రాలేదంటుంది కవయిత్రి. ఆ ఒక్క మాటలో పసితనమంతా కనిపించి గుండె పట్టేసింది.

నాకు అంతుపట్టనిది ఆ తర్వాతి పోలిక. ఆ ఇంటి నుంచి చేతుల నిండా చీకటి తెచ్చుకుని, పడకగది తలుపు వెనుక దిగులుగా పడుకున్న కుక్కలా ఉంచుకోవాలనుకుంటుంది. అది దుఃఖమా, అమ్మమ్మ ఇచ్చిన రక్షణా? నాకైతే రక్షణే అనిపిస్తోంది. మరి చివర్లో పరాయి గుమ్మాల ముందు చిల్లరగానైనా ప్రేమను యాచించడంతో దాన్ని ఎలా ముడిపెట్టాలి? తెలిసినవారు దయచేసి వివరించండి.