గలిజేరు ఏదో, అటికమామిడి ఏదో ఎట్ల గుర్తుపట్టాలె?

మాది పరకాల దిక్కు. వానలకు పత్తి చేను గట్ల మీద గలిజేరు మస్తు మొలిచింది. అమ్మకు కాళ్ల వాపులని, పెసరపప్పుల వేసి వండిపెట్టమని పక్కింటి పెద్దమ్మ ఒకటే పోరు. కానీ అక్కడ రెండు రకాలున్నయి. ఒకదాని ఆకు కండగా ఉండి, పువ్వు ఆకు మొదట్ల దాక్కుంటది. ఇంకోదానికి సన్న కాడలు, చిన్న గులాబీ పూలు. గింజలు బట్టలకు అంటుకుంటయి. ఆయుర్వేదంల పునర్నవ అంటే ఈ రెండోదేనా?

అమ్మకు ఇదివరకు కిడ్నీల రాళ్లొచ్చినయి, బీపీ గోలి కూడా నడుస్తున్నది. ఈ కూరల ఆక్సలేట్లు (కిడ్నీల రాళ్లు కట్టేటందుకు కారణమయ్యే పదార్థాలు) ఎక్కువంటరు, ఉడికించి నీళ్లు వంపేస్తే సరిపోతదా? డాక్టరుకు ఎట్లయినా చూపిస్తం. పక్క చేనోళ్లు మొన్ననే గడ్డిమందు కొట్టిన్రు, ఆ గట్టుది అసలు కోయొచ్చా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.