వేగం పెంచితే గూగ్లీ తిరగట్లేదు, రషీద్ ఖాన్ తరహా రిలీజ్ (బంతి వదిలే తీరు) తెలిసినవాళ్లు చెప్పండి

కుడిచేతి లెగ్ స్పిన్, వయసు 19. ఉప్పల్ దగ్గర నెట్స్‌లో, సిమెంటు మీద మ్యాట్ పరిచిన పిచ్‌పై ప్రాక్టీస్. స్పీడ్ గన్‌లో గంటకు 75 కిలోమీటర్లు చూపించినప్పుడు గూగ్లీ (లెగ్ బ్రేక్‌లా కనిపించి ఎదురు దిశలో తిరిగే బంతి) చక్కగా లోపలికి వస్తోంది. 85 దాటితే అసలు తిరగదు. ఓవర్‌కి రెండు షార్ట్, ఒకటి లెగ్ సైడ్ వైడ్.

అఫ్గానిస్తాన్ ఇంకా అసోసియేట్ దేశంగా (టెస్ట్ హోదా లేకుండా) ఉన్న 2015లోనే వన్డేల్లోకి వచ్చిన రషీద్ ఖాన్, 2017 నుంచి 2021 దాకా సన్‌రైజర్స్‌కి వేసిన ఓవర్లు ఆపి ఆపి చూశాను. అతను మణికట్టు కంటే వేళ్లనే ఎక్కువ వాడతాడు, చెయ్యి చాలా వేగంగా తిరుగుతుంది. సెకనుకు 240 ఫ్రేములతో తీసిన నా స్లో మోషన్ వీడియోలో మాత్రం రిలీజ్‌కి ముందే భుజం వాలిపోతోంది, చేతి వెనుక భాగం బ్యాటర్‌కి ముందే కనిపించేస్తోంది.

బంతిని అరచేతికి ఆనించకుండా వేళ్ల చివర పట్టి చూశాను: తిరిగింది, కానీ లైన్ పోయింది. రనప్ రెండు అడుగులు తగ్గిస్తే వేగమే పడిపోయింది. కొత్త బంతి, పాత బంతి తేడా లేదు. మ్యాట్ తప్పు కాదనుకుంటా, దాని మీదే లెగ్ బ్రేక్ 85లోనూ తిరుగుతోంది.

భుజం వాలకుండా 85 పైన గూగ్లీ తిరగాలంటే మొదట మార్చాల్సింది బంతి పట్టునా, ముందు చేతినా (బంతి వెయ్యని ఎడమ చేతినా)?