సంక్రాంతి ముందు ఆదివారం చీరల షాపులో డ్యూటీ, ఎలా తట్టుకోవాలి?

అన్నలూ అక్కలూ, విజయవాడ బీసెంట్ రోడ్డులో చీరల షాపులో చేరి 4 నెలలైంది, దసరా ముందు రోజే చుక్కలు కనిపించాయి, పొద్దున 9 నుంచి రాత్రి 11 దాకా నిలబడే ఉన్నా, ఒక్కో ఫ్యామిలీకి యాభై చీరలు విప్పి చూపిస్తే "మళ్ళీ వస్తాం" అని లేచిపోతారు, అవన్నీ మడతపెట్టేది మళ్ళీ మేమే కదా. రాత్రికి పాదాలు బూరెల్లా ఉబ్బాయి. షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఉండాలని కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టం మార్చారంట, మరి మన దగ్గర ఓనర్‌ని ఒక స్టూల్ అడగొచ్చా? పండగ ముందు తీసేస్తారేమోనని భయం. ఇలాంటి షాపుల్లో చేసినవాళ్ళు సంక్రాంతి ముందు ఆదివారం ఎలా నెట్టుకొచ్చారు, ఎలాంటి చెప్పులు వేసుకున్నారు, ఎక్స్‌ట్రా గంటలకి డబ్బులు అడిగితే ఇచ్చారా? ప్లీజ్ చెప్పండి.